రొమ్ములో యంత్రం, చేతిలో హోల్డర్

"సార్, ఇక వెల్డింగ్ చేయొచ్చా?"

పేస్‌మేకర్ పెట్టించుకుని ఇంటికి బయల్దేరే వెల్డర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే. విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టేవాడికైనా, బాలానగర్‌లో చిన్న షెడ్డు నడుపుకునేవాడికైనా, విశాఖలో ఓడల మరమ్మతుకు వెళ్లేవాడికైనా ఆ ప్రశ్న వెనక ఇల్లు గడవడం అనే పెద్ద సంగతి ఉంటుంది. జవాబు మాత్రం చాలాసార్లు ఒక్క ముక్కలో వచ్చేస్తుంది. "ఆ జోలికి పోవద్దు" అంటారు కొందరు. "ఏం కాదులే, మామూలుగా ఉండు" అంటారు ఇంకొందరు. మొదటి మాట వింటే పాతికేళ్లు చేత్తో నేర్చిన పని పోతుంది. రెండో మాట నమ్మితే ఒక్కోసారి ప్రాణం మీదికి రావచ్చు.

సరైన జవాబు ఈ రెండిటికీ మధ్యలో ఉంది. లోపల పెట్టింది ఏ యంత్రం, వాడే కరెంటు ఎన్ని ఆంపియర్లు, రొమ్ముకూ తీగకూ మధ్య ఎంత దూరం, టాకుకూ (క్షణంసేపు వేసే చిన్న అతుకు) టాకుకూ మధ్య ఎంత విరామం అన్న నాలుగు సంగతుల మీద అది ఆధారపడుతుంది. ఇవి ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ముందు ఆ చిన్న యంత్రం రొమ్ములో కూర్చుని ఏం చేస్తుందో చూడాలి.

చెవులున్న యంత్రం

1958 అక్టోబర్ 8న స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో ఓకే సెన్నింగ్ అనే శస్త్రవైద్యుడు ప్రపంచంలో మొదటిసారిగా పేస్‌మేకర్‌ను పూర్తిగా మనిషి ఒంట్లో అమర్చాడు. తయారుచేసింది రూనే ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు. రోగి ఆర్నే లార్సన్, వయసు 43. గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సందేశం అందక రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పి పడిపోయేవాడు. అతని భార్య ఎల్స్-మారీ పట్టుబట్టి ఆ ఇద్దరినీ ఒప్పించింది. యంత్రం భాగాలను జిగురులాంటి ఎపాక్సీలో ముంచి గట్టిపరచడానికి అచ్చుగా వాడింది బూటు పాలిష్ డబ్బా. ఆ మొదటి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం ఆ తర్వాత ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా బతికాడు. తనను బతికించిన వైద్యుడికన్నా, ఇంజనీరుకన్నా కూడా ఎక్కువ కాలం ఉన్నాడు.

ఆ తొలి యంత్రాలు గుండె మాట వినేవి కావు. గుండె తనంతట తాను కొట్టుకుంటున్నా, ఆగిపోయినా, అవి మాత్రం నిర్ణయించిన వేగంతో విద్యుత్ తాకిడి ఇస్తూనే ఉండేవి. 1960ల మధ్యలో బరూ బెర్కోవిట్స్ 'అవసరమైతేనే పనిచేసే' పేస్‌మేకర్‌ను రూపొందించాడు. గుండె సొంతంగా కొట్టుకుంటే అది ఊరుకుంటుంది, గుండె తడబడితే అందుకుంటుంది. బ్యాటరీ ఆదా అయింది, గుండె సహజ లయకూ యంత్రం లయకూ పోటీ తప్పింది. ఈ రోజు రోగుల ఒంట్లో ఉన్నవన్నీ ఈ వినే జాతివే. వెల్డింగ్‌తో వచ్చే చిక్కంతా ఇక్కడే పుట్టింది. వినగలిగే యంత్రం తప్పుగా కూడా వినగలదు.

అది వినే చప్పుడు ఎంత సన్ననిదో గమనించాలి. టార్చిలైటు సెల్లు ఇచ్చేది ఒకటిన్నర వోల్టు, అంటే 1,500 మిల్లీవోల్టులు. గుండె కింది గది ముడుచుకున్నప్పుడు లోపలి తీగ కొసకు అందే సంకేతం సాధారణంగా 5 నుంచి 15 మిల్లీవోల్టులు మాత్రమే. పేస్‌మేకర్ ఆ కొద్దిపాటి వోల్టేజీని పట్టుకుని, 'సరే, గుండె కొట్టుకుంది, నేను ఆగుతాను' అని తేల్చుకుంటుంది.

ఇంకో రకం యంత్రం ఉంది. గుండె లయ పూర్తిగా చెదిరిపోయి ఊరికే వణుకుతున్నప్పుడు లోపలి నుంచే షాక్ ఇచ్చి దారిలో పెట్టేది. వైద్యులు ఐసీడీ అంటారు. మనం లోపలి షాక్ యంత్రం అనుకుందాం. మిషెల్ మిరోవ్‌స్కీ ఏళ్ల తరబడి పట్టుదలతో చేసిన కృషి ఫలితంగా 1980 ఫిబ్రవరిలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో దీన్ని మొదటిసారి మనిషికి అమర్చారు. వణికే గుండె నుంచి వచ్చే సంకేతాలు చాలా చిన్నవి. వాటిని జారవిడవకూడదు కాబట్టి ఈ యంత్రం చెవులు మరీ పదును. 0.3 మిల్లీవోల్టుల సంకేతాన్ని కూడా పట్టుకునేలా దాన్ని అమరుస్తారు.

పొరపాటున వింటే ఏమవుతుందో ఇప్పుడు సులభంగానే అర్థమవుతుంది. బయటి విద్యుత్ చప్పుడును పేస్‌మేకర్ గుండె చప్పుడు అనుకుంటే తన పని ఆపేస్తుంది. సొంత లయ ఏమాత్రం లేని రోగికి కొన్ని సెకన్లలో కళ్లు తిరుగుతాయి. అతను నేల మీద కూర్చుని ఉన్నాడా, పరంజా మీద నిలబడి ఉన్నాడా అన్నదాన్ని బట్టి ప్రమాదం ఎంతన్నది తేలుతుంది. లోపలి షాక్ యంత్రం అయితే ఆ చప్పుడును ప్రాణాంతకమైన వేగం అనుకుని, నిక్షేపంగా ఉన్న గుండెకు షాక్ ఇవ్వవచ్చు. రొమ్ము మీద ఎవరో గట్టిగా తన్నినట్టుంటుందని ఆ షాక్ తిన్నవాళ్లు చెబుతారు.

అసలు చిక్కు తీగలో

వెల్డింగ్ అనగానే అందరి భయం ఆ కళ్లు చెదిరే మంట మీదే ఉంటుంది. గుండె యంత్రానికి ఆ వెలుగుతో పని లేదు. దాన్ని కలవరపెట్టేది మిషను నుంచి రాడ్డు పట్టే హోల్డర్‌కు వెళ్లే తీగ, జాబ్ (అతుకు పడే ఇనుము) నుంచి తిరిగి వచ్చే ఎర్త్ తీగ, ఆ రెండిటిలో పారే కరెంటు చుట్టూ పుట్టే అయస్కాంత ప్రభావం.

ఇంట్లో ఫ్యాను ఒక ఆంపియర్‌లో సగం కూడా లాగదు. పన్నెండు గేజ్ రాడ్డుకు సుమారు 60 నుంచి 90 ఆంపియర్లు కావాలి. పది గేజ్‌కు 90 నుంచి 130. ఎనిమిది గేజ్ రాడ్డు కాలిస్తే 140 దాటి 180 దాకా పోతుంది. అంత కరెంటు మోసే తీగ చుట్టూ ఉండే అయస్కాంత బలం దూరం పెరిగే కొద్దీ తగ్గుతుంది. ఒంటి తీగ అయితే దూరం రెట్టింపయినప్పుడు బలం సగమవుతుంది.

అంకెల్లో చూస్తే ఇది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. 160 ఆంపియర్లు పారే ఒంటి తీగ నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో అయస్కాంత బలం అర గాస్ చుట్టుపక్కల ఉంటుంది. దిక్సూచి ముల్లును తిప్పే భూమి అయస్కాంతం మన ప్రాంతంలో దాదాపు అంతే. అదే తీగను మూడు సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే బలం పది గాస్ అవుతుంది. పది గాస్ అన్నది గుండె యంత్రాల విషయంలో చాలా పెద్ద గీత. అంతవరకు నిలకడగా ఉండే అయస్కాంతం దగ్గర యంత్రం చలించకూడదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. దాటితే హామీ లేదు. యంత్రంలో డాక్టర్ల పరీక్ష కోసం పెట్టిన అయస్కాంత మీట ఒకటి ఉంటుంది. అది పడితే పేస్‌మేకర్ వినడం మానేసి స్థిరమైన వేగంతో కొడుతుంది. లోపలి షాక్ యంత్రాల్లో ఎక్కువ వాటికి, అయస్కాంతం పక్కనున్నంతసేపు ప్రమాదకరమైన లయను పట్టుకోవడమే ఆగిపోతుంది.

మూడు సెంటీమీటర్ల దగ్గరికి తీగను ఎవరు తెస్తారని అనిపించవచ్చు. హోల్డర్ తీగ బరువు చేతి మీద పడకుండా దాన్ని భుజం మీదుగా వేసుకుని పనిచేసే వెల్డర్లు ప్రతి షెడ్డులోనూ కనిపిస్తారు. గుండె యంత్రాన్ని ఎక్కువగా అమర్చేది ఎడమ మెడఎముక కిందే. తీగ ఎడమ భుజం మీద ఉంటే దానికీ యంత్రానికీ మధ్య అడ్డుగా చొక్కా, చర్మం, కాస్త కండ ఉంటాయంతే. ఈ ఒక్క అలవాటు మానితే ముప్పులో పెద్ద భాగం తొలగిపోతుంది.

ఈ లెక్క ఒంటి తీగకు. వెళ్లే తీగనూ వచ్చే తీగనూ పక్కపక్కన పెట్టి టేపుతో కట్టినా, ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెట్టినా పరిస్థితి ఇంకా మెరుగవుతుంది. రెండిటిలోనూ కరెంటు ఎదురెదురు దిశల్లో పారుతుంది కాబట్టి వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. దీనికి తిరగబడ్డ ఏర్పాటు ఆటోనగర్ లాంటి చోట్ల మామూలే. ఎర్త్ క్లాంపు బస్సు ఛాసిస్ వెనక కొసన బిగించి ఉంటుంది. పని ముందు భాగంలో జరుగుతుంటుంది. హోల్డర్ తీగ కుడి వైపు నుంచి వస్తుంది, ఎర్త్ తీగ ఎడమ వైపు నుంచి పోతుంది. ఛాసిస్ ఇనుమంతా కరెంటుకు దారి, నడుమ వెల్డర్. కరెంటు అతన్ని చుట్టి వస్తోందన్నమాట. ఎర్త్ క్లాంపును అతుకు పడే చోటికి వీలైనంత దగ్గరగా బిగించి, తీగలు రెండిటినీ ఒకే పక్క నుంచి తెచ్చుకుంటే ఆ చుట్టు విడిపోతుంది. మిగిలిన తీగను ఉండలా చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోవడం, దాని మీదే కూర్చోవడం కూడా మానాలి. చుట్టలో ప్రతి మలుపూ బలాన్ని పెంచుతుంది.

సెల్‌ఫోను కంటే ఇది ఎందుకు ఎక్కువ జాగ్రత్త కోరుతుంది? ఫోను తరంగాలు సెకనుకు కోట్లసార్లు ఊగుతాయి. గుండె సంకేతానికీ వాటికీ పోలికే లేదు గనక యంత్రంలోని వడపోత వాటిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మిషను కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. గుండె సంకేతంలో ఉండే ఊపుల శ్రేణిలోకే అది వచ్చి పడుతుంది. దాన్ని పూర్తిగా వడకడితే గుండె చప్పుడు కూడా పోతుంది.

ఒంటి లోపలి తీగ కొసల అమరిక కూడా లెక్కలోకి వస్తుంది. యంత్రం నుంచి గుండెలోకి వెళ్లే తీగ చివర రెండు కొసలు ఒక సెంటీమీటరు ఎడంలో ఉంటే దాన్ని జంటకొస తీగ అనవచ్చు. వాటి నడుమ దొరికే పరాయి చప్పుడు కొంచెమే. పాత పద్ధతిలో ఒక కొస గుండెలో, రెండోది మెడ కింద యంత్రం డబ్బాయే. అది ఒంటికొస అమరిక. అంత ఎడం ఉన్నప్పుడు ఒళ్లంతా ఏరియల్‌లా పనిచేస్తుంది. చాలా ఏళ్ల కిందట పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు తమది ఏదో అడిగి తెలుసుకోవాలి.

టాకులు ఎందుకు ప్రమాదం

కొత్తగా విన్నవాళ్లకు వింతగా తోచే సంగతి ఇది. ఏకబిగిన సాగే వెల్డింగ్ కంటే చిన్నచిన్న టాకులు గుండె యంత్రాన్ని ఎక్కువ మోసం చేయగలవు.

రేకుల ఇంట్లో పడుకుని తలుపు చప్పుడు కోసం ఎదురుచూస్తున్న మనిషిని ఊహించండి. రేకుల మీద జోరువాన పడుతుంటే అది వాన అని అతనికి తెలుసు. తలుపు కొడుతున్నారని లేవడు. వాన వెలిసి చూరు నుంచి ఒక్కొక్క చుక్క రేకు మీద టక్, టక్ మని పడుతున్నప్పుడే అతను పొరబడతాడు. నేటి పేస్‌మేకర్లలోనూ ఇలాంటి వివేకం ఉంది. ఎడతెగని చప్పుడు వినబడితే అవి దాన్ని రొదగా గుర్తించి, వినడం ఆపి, రోగిని కాపాడేలా స్థిర వేగంతో కొట్టడం మొదలుపెడతాయి. సెకనుకు ఒకసారి చొప్పున టాకు మీద టాకు పడుతుంటే ఆ లయ నిమిషానికి అరవై. అచ్చం గుండె వేగమే. టాకులు ఇంకా తొందరగా పడితే లోపలి షాక్ యంత్రం దాన్ని చెడ్డ వేగంగా లెక్కగట్టే వీలుంది.

అందుకే తయారీ కంపెనీలు ఒక అతుకు ఆపాక మరొకటి మొదలుపెట్టడానికి ముందు అయిదు నుంచి పది సెకన్లు ఆగమంటాయి. రాడ్డు అంటుకోక టకటకా గీకుతూ ఉండడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. తేమ పట్టిన రాడ్లే ఆ గీకుడుకు ముఖ్య కారణం గనక రాడ్లను ఆరబెట్టి వాడటం ఇక్కడ రెట్టింపు మేలు. గ్రిల్లు పనిలో, గేట్ల పనిలో రోజంతా టాకులే. అలాంటి పనిలో పది సెకన్ల విరామం అంటే కూలి లెక్క మారుతుంది. యజమాని ఆ సంగతి అర్థం చేసుకోకపోతే రోగి ఒక్కడే ఈ నియమం పాటించలేడు. డాక్టరు రాసిచ్చే కాగితంలో ఈ విరామం గురించి ఒక వాక్యం ఉండటం చాలా అవసరం.

ఏ వెల్డింగ్, ఎన్ని ఆంపియర్లు

గ్యాస్ వెల్డింగ్‌లో ఆక్సిజన్, అసిటిలీన్ మంటే తప్ప కరెంటు లేదు. గుండె యంత్రానికి దానితో పేచీ లేదు. కాలిన గాయాలు, సిలిండర్ల జాగ్రత్త అందరికీ ఉన్నవే.

మామూలు కరెంటు వెల్డింగ్‌కు మెడ్‌ట్రానిక్ లాంటి పెద్ద కంపెనీ సూచించే గీత 160 ఆంపియర్లు. అంతకు లోపల ఉంటూ, యంత్రానికీ వెల్డింగ్ మంటకూ మధ్య కనీసం 60 సెంటీమీటర్లు పాటించమంటుంది. మిషను మీద '200' అనో '400' అనో రాసి ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు. అది మిషను గరిష్ఠ శక్తి. లెక్కలోకి వచ్చేది నాబ్ ఏ అంకె దగ్గర తిప్పి పెట్టారన్నది. అయితే అన్ని కంపెనీల గీతలూ ఒకటే అనుకోకూడదు. రోగికి ఇచ్చే కార్డు మీద కంపెనీ పేరు, మోడల్ ఉంటాయి. ఆ మోడల్‌కు చెప్పిన అంకెనే పట్టుకోవాలి.

సీఓటూ వెల్డింగ్‌కూ ఇవే నియమాలు. ఆర్గాన్ వెల్డింగ్‌లో ఇంకొంచెం మెలకువ కావాలి. కొన్ని మిషన్లు మంటను రాజేయడానికి హెచ్ఎఫ్ అనే అతివేగపు విద్యుత్ తాకిడి ఇస్తాయి. ఆ మీట ఆపేసి, టంగ్‌స్టన్‌ను జాబ్‌కు తాకించి లేపి మొదలుపెట్టే పద్ధతి ఉంటే అదే మంచిది. స్పాట్ వెల్డింగ్‌లో వేల ఆంపియర్లు ఒక్క క్షణంపాటు, మళ్లీమళ్లీ పారతాయి. ఇనుమును విద్యుత్ ప్రేరణతో ఎర్రగా కాల్చే ఇండక్షన్ కొలిమి దగ్గర అయస్కాంత బలం మరీ ఎక్కువ. ఈ రెండిటికీ గుండె యంత్రం ఉన్న మనిషి దూరంగా ఉండాలని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

షెడ్డులో ఎవరూ పట్టించుకోని వస్తువు మరొకటి ఉంది: మూల పట్టుకోవడానికి వాడే అయస్కాంతం. రెండు పట్టీలను తొంభై డిగ్రీల్లో నిలబెట్టి, పని కాగానే దాన్ని చొక్కా ఎడమ జేబులో పడేసుకోవడం ఎంతోమందికి అలవాటు. ఆ జేబు సరిగ్గా యంత్రానికి దగ్గర. మిషను ఆపేసి ఇంటికి పోతున్నా ఆ అయస్కాంతం పని చేస్తూనే ఉంటుంది. దాన్ని ఒంటికి జానెడు దూరంలో, బల్ల మీద ఉంచాలి. గ్రైండర్, డ్రిల్లు లాంటి చేతి మిషన్లనూ యంత్రం నుంచి జానెడు ఎడంగా పట్టుకుంటే చాలు.

'ఎమ్మారై తీయించుకోవచ్చని చెప్పారు, ఇక వెల్డింగ్ ఎంత' అనుకునేవాళ్లున్నారు. ఎమ్మారై గదిలోకి పంపేముందు యంత్రాన్ని ప్రత్యేకమైన అమరికలోకి మార్చి, పరీక్ష అయ్యేదాకా మనిషిని కనిపెట్టుకుని ఉంటారు. షెడ్డులో అలా మార్చేవాళ్లు ఎవరూ ఉండరు.

తడి చెయ్యి, ఒంటరి పని

అయస్కాంతం ఒక దారి. కరెంటు నేరుగా ఒంట్లోకి రావడం ఇంకో దారి. ఎర్తింగ్ సరిగా లేని వాషింగ్ మెషీన్‌ను తాకినప్పుడు, మనిషికి ఏమీ తెలియనంత చిన్న కరెంటు లీకును లోపలి షాక్ యంత్రం పట్టుకుని షాక్ ఇచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఎండాకాలం రేకుల షెడ్డులో చెమటకు తడిసి ముద్దయిన చేతి తొడుగు, తెగిన హోల్డర్ పిడి, తడి నేల కలిస్తే అంతకన్నా పెద్ద లీకే దొరుకుతుంది. పొడి తొడుగులు రెండు జతలు పెట్టుకుని మార్చుకోవడం, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోవడం, హోల్డర్ చేయి జారినా రాడ్డు జాబ్ మీద పడకుండా నిలబడే చోటు చూసుకోవడం ఇక్కడ పనికొస్తాయి. మిషనును పని చోటికి కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో ఉంచాలి.

ట్యాంకులో దూరి, ఎత్తు మీద ఎక్కి, ఎవరూ లేని రాత్రి షిఫ్టులో చేసే వెల్డింగ్ ఈ మనిషికి తగదు. ఇరుకు చోట 60 సెంటీమీటర్లు పాటించడం కుదరదు. కళ్లు తిరిగితే పట్టుకునే మనిషి ఉండడు. తల తేలిపోతున్నట్టున్నా, గుండె దడగా ఉన్నా, షాక్ తగిలినట్టనిపించినా హోల్డర్ వదిలేసి తీగలకు దూరంగా జరగాలి. మంట ఆగి నాలుగడుగులు వేసేసరికి యంత్రం చాలావరకు తన మామూలు పద్ధతికి వచ్చేస్తుంది. ఈ సంగతి పక్కనుండే హెల్పర్‌కు కూడా తెలిసి ఉండాలి. అతను ముందు మిషను స్విచ్ కట్టేయాలి. మనిషిని పట్టుకోవడం ఆ తర్వాత.

శస్త్రచికిత్స అయిన కొత్తలో ఇవేవీ అడగకుండానే ఆగాల్సిన కారణం ఇంకొకటి. తీగ కొస గుండె గోడలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల చేయి తలపైకెత్తి పనిచేస్తే తీగ జారే ప్రమాదం ఉంది.

షెడ్డులోనే పరీక్ష

1996లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. లోపలి షాక్ యంత్రం ఉన్న పదిమందిని వాళ్లు పనిచేసే చోటికే తీసుకువెళ్లి, యంత్రం చెవులను గరిష్ఠ పదునుకు అమర్చి, వెల్డింగ్ మిషన్ల దగ్గరా పెద్ద మోటార్ల దగ్గరా నిలబెట్టి, యంత్రం ఏం వింటోందో అప్పటికప్పుడు తెర మీద చూశారు. పదిమందిలో ఎవరి యంత్రమూ పరాయి చప్పుడును గుండె చప్పుడుగా పొరబడలేదు. అయినా పరిశోధకులు రెండడుగుల దూరం, పరీక్షించిన కరెంటును మించకపోవడం, తొడుగులు, మంచి ఎర్తింగ్, కళ్లు తిరిగితే వెంటనే తప్పుకోవడం అన్న షరతులు పెట్టే పనికి పంపారు. పదిమంది అంటే చిన్న సంఖ్యే. అయినా ఊహ మీద కాకుండా కొలిచి చూసి మనిషిని పనికి పంపవచ్చని ఆ పరిశోధన చూపింది.

మన దగ్గర ప్రతి వెల్డర్‌కూ ఇలాంటి పరీక్ష చేయడం ఇప్పుడప్పుడే జరిగే పని కాదు. దానికి దగ్గరగా చేయగలిగింది ఉంది. పనికి తిరిగి వెళ్లేముందు వెల్డర్ తాను రోజూ వాడే రాడ్డు గేజ్, నాబ్ అంకె, మిషను రకం, హెచ్ఎఫ్ ఉందా లేదా అన్నవి కాగితం మీద రాసుకుని, పని చేసే భంగిమలో మెడఎముక నుంచి మంట దాకా, దగ్గరి తీగ దాకా టేపుతో కొలిపించుకుని, ఒకటి రెండు ఫోటోలతో పేస్‌మేకర్ క్లినిక్‌కు వెళ్లవచ్చు. అక్కడి డాక్టరు, టెక్నీషియన్ ఆ మనిషికి సొంత లయ ఎంతుందో, తీగ జంటకొసదో కాదో, వినికిడి పదును ఏ అంకె మీద ఉందో చూస్తారు. అవసరమైతే పదును కాస్త తగ్గిస్తారు. పని మొదలుపెట్టిన కొన్ని వారాలకు మళ్లీ వెళ్తే ఇంకో మేలుంది. నేటి యంత్రాలు తాము విన్న అనుమానపు చప్పుళ్లను తేదీ, సమయంతో సహా దాచిపెట్టుకుంటాయి. ఫలానా మంగళవారం పదకొండు గంటలకు రొద నమోదైందని తెర మీద కనిపిస్తే, ఆ పూట ఏ మిషను మీద, ఎన్ని ఆంపియర్ల దగ్గర, తీగ ఎటు వేసి పనిచేశాడో గుర్తుచేసుకుని చెప్పగలిగేది వెల్డరే. అందుకని పని మొదలుపెట్టిన తొలి వారాల్లో ఏ పూట ఏం చేశాడో చిన్న పుస్తకంలో రాసిపెట్టుకుంటే, దాన్ని తెర మీది సమయాలతో సరిపోల్చి ఏది మార్చాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవచ్చు.